ఆయన గొంతులో మా అమ్మ

"అక్కడ నాదో ఊఁ తగిలించు, దిల్యా," అన్నాడు ల్యూబెన్, వెనక నిలబడి కాఫీ చప్పరిస్తూ. "మరీ సన్నది వద్దు. అతిథి చెప్పింది నా మనసుకి తాకినట్టుండాలి."

దిల్యానా తగిలించింది. ఆమె దగ్గర మొగుడి ఊఁలు పదకొండు రకాలున్నాయి. సన్న ఊఁ, బరువు ఊఁ, ఆశ్చర్యపు ఊఁ, 'చెప్పండి, నేనెక్కడికీ పోవడం లేదు' అనే ఊఁ. ఒక చిన్న నవ్వుంది. 'అలాగా...' అని సగంలో ఆగిపోయేది ఇంకోటుంది, దాన్ని చిత్రకారులకీ భార్యలు పోయిన వాళ్ళకీ వాడుతుంది. కరోనాకి ముందు, అతిథులు స్టూడియోకి వచ్చే రోజుల్లో అతను నిజంగానే కొట్టిన ఊఁలు ఇవి. పాత రికార్డింగుల్లోంచి ఏరి, శుభ్రం చేసి, పేర్లు పెట్టి కంప్యూటర్లో దాచుకుంది. ఆదివారం పదింటికి రూసె పట్నంలో రేడియో పెట్టుకునే వాళ్ళంతా ల్యూబెన్ ఎంత శ్రద్ధగా వింటాడో అని మెచ్చుకుంటారు. ఒకావిడ ఏకంగా ఉత్తరం రాసింది, మా ఆయన నా మాట మీలాగా ఒక్క పూట విన్నా చాలని. ఆ ఉత్తరాన్ని ల్యూబెన్ ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. రోజూ ఆ తలుపు తీసి పాలు తీసుకునేది దిల్యానాయే.

మార్చిలో మొదలైంది ఈ ఏర్పాటు. రేడియో వాళ్ళు బయటివాళ్ళని స్టూడియోలోకి రానివ్వడం మానేశారు. ల్యూబెన్ ప్రోగ్రాం 'ఆదివారం అతిథి' మాత్రం ఆగడానికి వీల్లేదు, జనం ఇళ్ళలో కూర్చుని ఉన్నారు, వాళ్ళకి ఇప్పుడే కావాలి అన్నారు పైవాళ్ళు. బొమ్మలాటవాళ్ళు బొమ్మల్ని ఎవరికి ఆడించి చూపిస్తున్నారు, నక్షత్రాలు చూసే శాస్త్రవేత్త బాల్కనీలోంచి ఏం చూస్తున్నాడు, ఊళ్ళో అందరికీ పెళ్ళి దుస్తులు కుట్టే మనిషి ఇప్పుడేం కుడుతోంది, ఇలాంటివన్నీ ఫోన్లో అడిగి రికార్డు చెయ్యాలి. మొదటి అతిథి సోఫియాలో ఉండే భౌతికశాస్త్రం ప్రొఫెసరు. పొద్దున్న ఏడున్నరకి తప్ప కుదరదన్నాడు.

"నా గొంతు పదింటిదాకా లేవదు," అన్నాడు ల్యూబెన్, గొంతంటే ఇంట్లో ఉండే ఇంకో మనిషైనట్టు. "నా ప్రశ్నలు నువ్వు చదివెయ్యి. ఆయన జవాబులుంటే చాలు. తర్వాత నేను నా గొంతుతో చదివి ఇస్తాను, నీది తీసేసి నాది పెట్టు. నీకు తెలిసిన పనే కదా."

తెలిసిన పనే. ఆ రేడియోలోనే దిల్యానా తొమ్మిదేళ్ళు సౌండ్ టెక్నీషియన్‌గా చేసింది. ఆరేళ్ళ కిందట అత్తగారు స్తాంకా బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంటే, "ఇద్దర్లో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నాడు ల్యూబెన్. ఆ ఒకరు ఎవరన్నది చర్చకి రాలేదు. తుంటి అతుక్కుంది గాని ఉద్యోగం అతుక్కోలేదు. ఇక ప్రశ్నలు అతనివి అనడం కూడా మాటవరసకే. అతిథి పుస్తకాలు చదివేదీ, ఎవరిని ఏది అడిగితే నోరు విప్పుతారో పట్టేదీ, కాగితం మీద పెట్టేదీ ఆమె. అతను వాటి మీద ఎర్ర పెన్నుతో 'ఇక్కడ ఆగాలి' అని రాసుకునేవాడు.

అప్పట్నుంచీ వారం వారం అదే తంతు. పడగ్గది బీరువాలో చలికోట్ల మధ్య మైకు పెట్టింది, కోట్లు చప్పుడు మింగేస్తాయి. క్యాబేజీ ఊరేసే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని, తలుపు దగ్గరగా వేసుకుని, పొద్దున్నే గంట సేపు అతిథితో మాట్లాడేది. పదకొండింటికి ల్యూబెన్ స్నానం చేసి, తేనె టీ తాగి, అదే డబ్బా మీద కూర్చుని ఆమె ప్రశ్నలు తన గొంతుతో చదివేవాడు. ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత ఆమె తన గొంతు ప్రతి ముక్కా కోసి పారేసి, ఆ ఖాళీల్లో అతని గొంతు పొదిగేది. సందుల్లో ఊఁలు. అదంతా రెండు రోజుల పని, మధ్యలో వంటా, అంట్లూ, అత్తగారి మందులూ.

"పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుంటే ఎట్లాగమ్మా? పొయ్యి మీద బీన్సు మాడుతోంది," అనేది స్తాంకా. "పాపం వాడు మాట్లాడీ మాట్లాడీ గొంతు నొప్పెట్టి పడుకున్నాడు. కాస్త వేడిగా ఏదైనా పట్టుకెళ్ళి ఇవ్వు."

స్తాంకాకి ఎనభై ఒకటి. మార్చి నుంచి గడప దాటలేదు. ఆదివారం పదింటికి ముందే రేడియో పక్కన కూర్చునేది. 'మీ ల్యూబెన్ మాట్లాడుతున్నాను' అన్న మాట చెవిన పడగానే, వెన్నపూసలాంటి గొంతు నా కొడుకుది అని ఒకసారి అందరికీ చెప్పి, పది నిమిషాల్లో కునుకు తీసేది. కొడుకు పేరు వినబడితే ఆవిడ మటుకు ఆవిడకి ప్రోగ్రాం అయిపోయినట్టే.

దిల్యానాకి ఆ పొద్దుటి గంట ఇష్టం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చీకటి బీరువాలో, నాఫ్తలీన్ వాసనలో, తనకన్నా చదువుకున్నవాళ్ళు తన ప్రశ్నకి ఆగి ఆలోచించడం వినేది. ఒక శిల్పి, "ఇది నన్నెవరూ అడగలేదండీ," అన్నాడు ఒకసారి. ఆ మాట కూడా ప్రోగ్రాంలోకి వెళ్ళింది, ల్యూబెన్ ప్రశ్న వెనక. మర్నాడు ల్యూబెన్ కేకు తింటూ, "చూశావా, ఆయన్ని ఎవరూ అడగనిది అడిగాను," అన్నాడు. అబద్ధం చెప్తున్నానని అతనికి తెలీదు. అతనికి నిజంగానే తనే అడిగినట్టు జ్ఞాపకం. దిల్యానా అప్పుడు నవ్వింది కూడా, పిచ్చిమొహం.

నవంబరులో దిల్యానా తల్లి త్సోనాకి జబ్బు చేసింది. పుట్టింటి ఊరు విదిన్‌లోనే ఆస్పత్రిలో పెట్టారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఒక మంగళవారం మధ్యాహ్నం నర్సు ఫోను చేసి, "ఇంక ఎక్కువ టైము లేదండీ, చెవి దగ్గర పెడతాను, మాట్లాడండి," అంది. మూడు నిమిషాలు. తర్వాత నర్సే ఫోను తీసి, "అయిపోయిందమ్మా," అంది. దిల్యానా వంటగదిలోంచి ముందుగదిలోకి వచ్చి చెప్పింది. ల్యూబెన్ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే, ఎక్కువ బాధపడకుండా పోయింది. మా అమ్మకి ఇప్పుడే చెప్పకు, బీపీ పెరుగుతుంది." కాసేపాగి, "సాయంత్రానికి వండుతావా, నన్నే ఏదైనా తెచ్చుకోమంటావా?" అన్నాడు. అతని లెక్కలో అది ఉదారంగా అడగడమే. ఆమె వండింది. విదిన్‌లో అంత్యక్రియలకి పెద్దనాన్న కొడుకొక్కడే దూరంగా నిలబడ్డాడట. చావింటి ఆచారాలేవీ జరగలేదు, గోధుమలు ఉడకబెట్టి పంచలేదు, పోయినావిణ్ణి దేవుడు క్షమించుగాక అని ఎవరూ అనలేదు, తలుపుకి నల్ల రిబ్బను లేదు. స్తాంకాకి ఆ వారంలోనే చెప్పారు. "అయ్యో," అంది ఆవిడ. "నాకన్నా చిన్నదే." మందులడబ్బా దగ్గరికి లాక్కుని బీపీ మాత్ర వేసుకుంది.

తొమ్మిది రోజులకి గురువారం వచ్చింది. ఆ వారం అతిథి ప్రొఫెసర్ బిస్త్రా, సోఫియాలో ఉండే డెబ్బై ఎనిమిదేళ్ళ ఆవిడ. మనిషి చెవి ఎలా పనిచేస్తుందన్న దాని మీద జన్మంతా గడిపింది. మే నెలలో ఒకసారి ఇలాగే ఫోన్లో వచ్చింది, శ్రోతలు మళ్ళీ కావాలన్నారు. దిల్యానా బీరువాలో కూర్చుని, ఊళ్ళన్నీ చప్పుడు లేకుండా పోతే చెవికేమవుతుందండీ అని అడిగింది. ప్రొఫెసర్ రెండు నిమిషాలు చెప్పి, ఆగింది.

"దిల్యానా, నీ గొంతు మే నెల్లో ఇలా లేదు. ఏమైంది తల్లీ?"

"ఏం లేదండీ."

"నా దగ్గరా. నేను చెవుల మనిషిని."

"మా అమ్మ పోయిందండీ. తొమ్మిది రోజులైంది." అక్కడితో ఆపాలనుకుంది, ఆగలేదు. "నర్సు ఫోను చెవి దగ్గర పెట్టింది. నేను మూడు నిమిషాలు మాట్లాడాను. అమ్మకి వినబడి ఉంటుందంటారా?"

"వినబడిందని నేను ఒట్టేసి చెప్పలేను, దిల్యానా. చెప్తే నిన్ను మోసం చేసినట్టు. కొందరిలో చివరిదాకా చెవి పనిచేస్తున్న గుర్తులు కనిపించాయంటారు. మాట అర్థమైందో లేదో మాత్రం ఎవరికీ తెలీదు. ఇంతకీ ఏం మాట్లాడావు?"

"ఏం మాట్లాడాలో తోచలేదండీ. ఈ ఏడు ఎర్ర మిరపకాయల పచ్చడి బాగా కుదిరిందమ్మా అని చెప్పాను. ఇరవై రెండు సీసాలు పెట్టాను, నీ వాటా ఆరు విడిగా ఉంచాను, ఉప్పు నువ్వు చెప్పినంతే వేశాను అని. మూడు నిమిషాలూ పచ్చడే, సిగ్గులేకుండా."

"మంచి పని చేశావు, దిల్యానా. పోయేవాళ్ళకి పెద్ద మాటలెందుకు? తెలిసిన గొంతు, తెలిసిన పచ్చడి. నేను పోయేటప్పుడు నాకూ ఎవరైనా అలాంటిదే చెప్తే బాగుండు."

ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఏడ్చారు. రికార్డింగు నడుస్తూనే ఉంది.

శుక్రవారం ఆమె ఆ ఏడు నిమిషాల్నీ కోసి, విడిగా, తన కోసం దాచుకుంటూంటే ల్యూబెన్ కాఫీతో వచ్చాడు. ఆమె చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసి తన చెవులకి పెట్టుకున్నాడు. నిలబడే మొత్తం విన్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. దిల్యానాకి ఒక్క క్షణం, ఇప్పుడు నన్ను దగ్గరికి తీసుకుంటాడు అనిపించింది.

"ఇదే," అన్నాడు. "ఇదే అసలు ఇంటర్వ్యూ. మిగతాదంతా పాఠం."

"అది నాది, ల్యూబెన్. ప్రోగ్రాంది కాదు."

"ప్రోగ్రాం కోసం చేసిన ఫోన్లో జరిగింది కదా? ఈ నెలలో ఎంతమంది ఇలా ఫోన్లో అమ్మల్ని పోగొట్టుకున్నారో ఆలోచించు. వాళ్ళందరికీ ఈ జవాబు కావాలి. నీ ఒక్కదానికే దాచుకుంటావా?"

అతని దగ్గర ఉన్న విద్య అది. ఎదుటి మనిషి జేబులోంచి తీసుకుంటూనే ఎదుటి మనిషిని పిసినారిని చెయ్యగలడు.

"పోనీ శ్రోత ఒకరు అడిగారని చెప్పు."

"శ్రోత అంటే దూరమైపోతుంది."

"అయితే 'మా అత్తగారు' అను. అదే నిజం."

ల్యూబెన్ నవ్వాడు. "అత్తగారు పోయిందంటే ఎవరు ఏడుస్తారే? జోకు ఎప్పుడొస్తుందా అని చూస్తారు. 'మా అమ్మ' అనాలి. రేడియోలో నేను అంటే నేను కాదు దిల్యా, వినేవాళ్ళందరూ. అయినా మీ అమ్మ నాకు అమ్మ కాదా? ఇరవై ఏళ్ళు ఆవిడ పచ్చడి తినలేదా నేను?"

ఆ రోజు ఆమె కాదని ఉండొచ్చు. కంప్యూటరు ఆమెది, చెయ్యి ఆమెది. తర్వాత చాలాసార్లు ఆలోచించింది ఎందుకు అనలేదా అని. పది రోజులుగా నిద్ర లేదు, నిజమే. ఆదివారం దగ్గరికొచ్చింది, నిజమే. అసలు కారణం అవేవీ కావు. కాదంటే అతని మొహం ముడుచుకుంటుంది, ఆ మొహం మూడు రోజులు ఇల్లంతా తిరుగుతుంది, అత్తగారు "వాణ్ణి ఏమన్నావు?" అని అడుగుతుంది, ఆ మూడు రోజులూ మొయ్యడం కన్నా ఇది ఇచ్చెయ్యడం తేలిక. ఇరవై ఏళ్ళుగా అన్నీ అలాగే ఇచ్చింది. అమ్మ చావు కూడా ఆ వరసలోనే వెళ్ళిపోయింది.

ల్యూబెన్ బీరువాలో కూర్చుని చదివాడు. 'నర్సు ఫోను చెవి దగ్గర పెట్టింది. అమ్మకి వినబడి ఉంటుందంటారా?' ఆ మాట దగ్గర గొంతు సరిగ్గా ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. జన్మలో ఒక్క మిరపకాయ కాల్చి తొక్క తియ్యని మనిషి 'ఇరవై రెండు సీసాలు' అని ఎంత ప్రేమగా అన్నాడంటే దిల్యానాకే నమ్మబుద్ధేసింది. ఒక్కసారికే అయిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు బయటికొచ్చి.

"బాగుంది," అంది. అలవాటు.

ఆ తర్వాత ప్రొఫెసర్ నోట్లోంచి తన పేరు కోసింది. మూడు చోట్ల 'దిల్యానా', ఒక చోట 'తల్లీ'. చివరి 'దిల్యానా' ముందు మాటకి అంటుకుపోయి ఉంది. 'మంచి పని చేశావు' దెబ్బతినకుండా దాన్ని తెంపడానికి నలభై నిమిషాలు పట్టింది. ఏడుపు దగ్గర తన గొంతు తీసేసి, బరువు ఊఁ పెట్టింది.

ఆదివారం ప్రోగ్రాం అయిన దగ్గర్నుంచీ ల్యూబెన్ ఫోను మోగుతూనే ఉంది. ధైర్యంగా ఉండండి. మీ అమ్మగారి ఆత్మకి శాంతి. మేమూ మీతో ఏడ్చాం. ల్యూబెన్ సోఫాలో కూర్చుని ఒక్కొక్కరికీ 'ధన్యవాదాలు, మీ మాట నాకు బలం' అని జవాబు కొట్టాడు. పక్క కుర్చీలో వాళ్ళమ్మ నోరు కొంచెం తెరిచి గురక పెడుతోంది.

"ఆవిడ బతికే ఉందని చెప్పవా?" అంది దిల్యానా.

"ఇప్పుడు చెప్తే వాళ్ళ మనసు నొచ్చుకోదూ? రెండ్రోజుల్లో వాళ్ళే మర్చిపోతారు."

మరచిపోయే ఊరు కాదది. సోమవారం పొద్దున చెత్తసంచీ బయటపెట్టడానికి స్తాంకా తలుపు తీసి, అలాగే నిలబడిపోయింది. తలుపు పిడికి నల్ల రిబ్బను కట్టి ఉంది. గడప ముందు మూడు గిన్నెల్లో ఉడికించిన గోధుమలు, పైన మెత్తటి పంచదార పొర, దాని మీద వెండిపూత మిఠాయి గింజలతో శిలువ గుర్తు. సన్న కొవ్వొత్తులు, చేమంతులు. ఒక కాగితం మీద, 'దేవుడు మా స్తాంకాని క్షమించుగాక. ఆరో అంతస్తు ఇరుగుపొరుగు.' మామూలు రోజులైతే గంట కొట్టి లోపలికి వచ్చేవారు, వచ్చి శవాన్ని కాఫీ తాగుతూండగా చూసి వెళ్ళిపోయేవారు. రోగం భయానికి ఎవరికి వాళ్ళు గడప దగ్గర పెట్టి మెట్లు దిగిపోయారు. కింద గేటుకి ఏకంగా చావు కబురు కాగితం అంటించింది కింది అంతస్తు గిన్కా, పింఛనుదార్ల విహారయాత్రలో తీసిన ఫొటోతో సహా.

"నన్ను క్షమించడానికి నేనేం చేశాను?" అంది స్తాంకా, గోడ పట్టుకుని. "ఎవరు చంపారు నన్ను?"

ల్యూబెన్ ఇంకా లేవలేదు. చెప్పడం దిల్యానా వంతయింది. అంతా విని స్తాంకా కుర్చీలో కూలబడింది. "నువ్వే చేసుంటావు. మీ అమ్మ పోయింది, నేనింకా ఉన్నానని నీకు కడుపుమంట. బతికుండగానే నాకు దినం పెట్టావు."

"చదివింది మీ అబ్బాయి అత్తయ్యా."

"వాడు ఏమిస్తే అది చదువుతాడు. ఇచ్చేది నువ్వు."

ఇంట్లో ఆ నిజం మొదటిసారి బయటికి వచ్చింది, అదీ నేరం మోపడానికి. దిల్యానా రిబ్బను విప్పింది, మెట్లు దిగి గేటు మీద కాగితం చింపింది. గిన్కా తలుపు సందులోంచి మాస్కుతో చూసి, "పాపం దిల్యానా, ఎంత చాకిరీ చేశావు మీ అత్తకి," అంది. "మీ ఆయన ఆఖరి ఘడియలో పచ్చడి కబురు చెప్పాడటగా, నేనూ మా ఆయనా ఒకటే ఏడుపు." దిల్యానా సంగతి చెప్పింది. గిన్కా మొహంలో ముందు సిగ్గు, తర్వాత కొంచెం నిరాశ కనిపించాయి. "అయితే పోయిందెవరు?" అని అడగడం ఆవిడకి తోచలేదు.

పైకి వచ్చేసరికి స్తాంకా ఒక గిన్నె మూత తీసి చూస్తోంది. "ఆ గిన్కా పంచదార ఎంత తక్కువేసిందో చూడు. నేను పోతే ఈ మాత్రమేనన్నమాట. తీసుకెళ్ళి పారెయ్."

దిల్యానా గిన్నె తీసుకుంది. చెత్తబుట్ట దాకా వెళ్ళి, చెంచా అందుకుని, నిలబడే తినడం మొదలుపెట్టింది.

"నా గోధుమలు నువ్వు తింటావేం?"

"మీవి కావు అత్తయ్యా. మా అమ్మవి." ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంది. "దేవుడు త్సోనాని క్షమించుగాక," అంది తనకి తనే, ఎదురు అనేవాళ్ళు లేక. స్తాంకా మిగతా రెండు గిన్నెలూ పారెయ్యమనలేదు.

మంగళవారం రేడియో డైరెక్టరు రలీత్సా ఇంటి ఫోనుకి చేసింది. వచ్చి రెండేళ్ళయిన మనిషి. ల్యూబెన్‌కి సెలవు కావాలా, స్తాంకా గారి నలభయ్యో రోజు దినానికి ఆ ఇంటర్వ్యూ మళ్ళీ వెయ్యమంటారా అని అడుగుదామని.

"స్తాంకాని నేనే. తమరెవరు?" అంది ఫోనెత్తిన ముసలావిడ.

సాయంత్రానికి ల్యూబెన్‌ని పిలిపించారు. తిరిగొచ్చాక కోటు విప్పకుండానే దిల్యానా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దదేం కాదు. 'ఒక శ్రోత మాకిలా రాశారు' అని నేను ముందు చదివాను, ఎడిటింగులో ఆ ముక్క ఎగిరిపోయిందని చెప్పాను."

"ఎవరు ఎగరగొట్టారని?"

"ఇంట్లో మా ఆవిడ సాయం చేస్తూంటుందని చెప్పక తప్పలేదు. నీ పేరు చెప్పాను. ఆదివారం చిన్న సవరణ చదువుతాను. దిల్యానా చేసిన పొరపాటుకి చింతిస్తున్నాం, అంతే. నీ ఉద్యోగం పోయేదేం లేదు కదా, అసలు లేనేలేదు."

ఎన్నో ఏళ్ళు ఆ రేడియోకి చేసింది, ఎనిమిది నెలలుగా ఆదివారం గంటంతా ఆమెది. ఆమె పేరు మొదటిసారి గాలిలోకి వెళ్ళబోతోంది.

"ఏమందావిడ?"

"ఎవరీ దిల్యానా, మన రికార్డింగులు ఆవిడ చేతికెలా వెళ్ళాయి అని గోల. కొయ్యని అసలు రికార్డింగు పంపమంది, ఆ శ్రోత ముక్క అందులో ఉందో లేదో వింటుందట. నేనిప్పుడు ఆ వాక్యం చదివేస్తాను. దాన్నీ నా ప్రశ్నల్నీ ప్రొఫెసర్ జవాబుల్నీ కలిపి, కొయ్యనట్టు తయారుచెయ్యి. దగ్గులూ ఆగడాలూ ఉంచు, సహజంగా ఉంటుంది. నీకు అరగంట పని."

"నిజం చెప్తే?"

"నిజం చెప్తే ప్రోగ్రాం పోతుంది. మనిద్దరిదీ." ఆ 'మనిద్దరిదీ' అన్న మాట అతని నోట అదే మొదటిసారి వినడం. పొరపాటు ఆమెది, ప్రోగ్రాం అతనిది, పోయే ప్రమాదం వస్తే మాత్రం ఇద్దరిదీ.

బీరువాలోకి వెళ్ళి చదివాడు. "ఒక శ్రోత మాకిలా రాశారు." ఇంకోసారి, కాస్త నింపాదిగా. మూడోసారికి సంతృప్తిపడి, గొంతుకి టీ పెట్టుకోవడానికి వంటగదిలోకి వెళ్ళాడు. టీపొడి ఎక్కడుందని అక్కణ్ణుంచే అడిగాడు.

"స్టౌ పైన అరలో," అంది దిల్యానా.

తెర మీద రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి ఇప్పుడే వచ్చిన ఎనిమిది సెకన్ల ముక్క. రెండోది గురువారం పొద్దుటిది, గంటా పది నిమిషాలు, ఎక్కడా కత్తి పడనిది. దాన్ని మొదటి నుంచీ పెట్టి కొంచెం విన్నది. తన గొంతు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ వినలేదు, కొయ్యడానికి గుర్తు పెట్టుకోవడమే తప్ప. కొంచెం బొంగురుగా ఉంది. వాళ్ళమ్మది అలాగే ఉండేది. భయమేసింది, అతను మొహం ముడుచుకునే ఆ మూడు రోజులు మూడేళ్ళయినట్టు కళ్ళముందు కనబడ్డాయి. కోపం కూడా ఉంది, భయం కన్నా కింద, దాని కన్నా బరువుగా. అతను అమ్మని తీసుకున్నందుకు అంత లేదు. అమ్మని ఆమె చేత్తోనే తనకి ఇప్పించుకున్నందుకు.

డైరెక్టరు అడిగింది కొయ్యని రికార్డింగు. దిల్యానా కొయ్యని రికార్డింగే పంపింది. కింద ఒక్క వాక్యం రాసింది, పొరపాటు ఎక్కడుందో వినండి అని, ఇంటి ఫోను నంబరు రాసి, పేరు పెట్టింది.

మర్నాడు పదకొండింటికి ఫోను మోగింది. ల్యూబెన్ స్నానం చేసి, తల తుడుచుకుంటూ గదిలోకి వస్తున్నాడు. స్తాంకా కిటికీ దగ్గర ఉంది. దిల్యానా ఫోనెత్తింది.

"దిల్యానా గారేనా?" అంది రలీత్సా.

"నేనేనండీ."

"మొత్తం విన్నాను. రెండుసార్లు. మీ అమ్మగారి సంగతి నాకు తెలీదు. దేవుడు ఆవిణ్ణి క్షమించుగాక."

ఆ ఊళ్ళో ఆ మాట ఆమెతో అన్నవాళ్ళు లేరు అప్పటిదాకా. దిల్యానా కళ్ళు తుడుచుకోలేదు, ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"నాకొకటి మాత్రం అర్థం కాలేదండీ," అంది రలీత్సా. "ఇంటర్వ్యూ ఆయనది అంటున్నారు. గంటా పది నిమిషాల్లో ల్యూబెన్ గొంతు ఒక్కసారి కూడా వినబడలేదు. ఆయన ఎక్కడున్నారు అప్పుడు?"

ల్యూబెన్‌కి ఆ ప్రశ్న వినబడింది. తువ్వాలు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయి, వద్దు వద్దని తల ఊపుతున్నాడు. దిల్యానా అతని మొహం చూస్తూనే జవాబు చెప్పింది.

"ఆ టైముకి ఆయన పడుకునుంటారండీ. మార్చి నుంచీ మిగతా ముప్పై మూడు ఇంటర్వ్యూలూ అంతే. పంపమంటారా?"